కంప్యూటర్ ఫ్యాను వేగాన్ని మనమే నడిపిద్దాం: అనుమానం వస్తే ఫుల్ స్పీడ్

కిందటి ఎపిసోడ్‌లో ఆర్డుయినో నానో బోర్డుతో ఎల్.ఈ.డి. వెలిగించడం, ఆర్పడం చూశాం కదా. ఈసారి అదే బోర్డుతో ఇంట్లో నిజంగా పనికొచ్చే వస్తువు ఒకటి చేద్దాం. కంప్యూటర్ డబ్బాలో ఉండే ఫ్యాను ఎప్పుడు ఎంత వేగంగా తిరగాలో చెప్పే చిన్న కంట్రోలర్ అది. వైర్లు ఎట్లా కలపాలో, ప్రోగ్రాములో ఏం రాయాలో చెప్తాను. దాంతోపాటు నేను మొదటిసారి చేసినప్పుడు ఎక్కడ తప్పు చేశానో కూడా చెప్తాను. ఆ తప్పు వల్ల ఒకరి పెళ్ళి వీడియో పోయేంత పనయ్యింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది కర్నూలు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చెయ్యడం నా పని. మాది పాత మిద్దె ఇల్లు. ఉన్నది ఒకటే పెద్ద గది, దాంట్లోనే ఒక మూల నా కంప్యూటర్, ఇంకో మూల మా అమ్మ మంచం. మా ఊర్లో మే నెలలో పగలు 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా కాగిన మిద్దె రాత్రి పదకొండు దాటినా సెగ కక్కుతానే ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ముహూర్తాలు, ఆ నెలల్లోనే నాకు పని. పగలు వీడియో రెండరింగ్ పెడితే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. రాత్రి పెడితే ఫ్యాను రొదకు అమ్మకు నిద్ర ఉండదు. "ఒరే, నీ డబ్బా రొదకు కన్ను మూత పడల్యా" అని రోజూ పొద్దున ఒకటే మాట.

నా మదర్‌బోర్డు పాతది. అది ప్రాసెసర్ మీది ఫ్యానును తానే చూసుకుంటుంది. ముందు, వెనక ఉండే డబ్బా ఫ్యాన్లను మాత్రం పట్టించుకోదు. అవి ఎప్పుడూ ఫుల్లే. మీ బోర్డు కొత్తదైతే బయాస్‌లోనే వాటికి సెట్టింగు ఉండొచ్చు, ముందు అది చూసుకోండి. అయితే ఆ సెట్టింగుల్లో కూడా మన ప్రాంతానికి సరిపడని సంగతి ఒకటుంది. దాంతోనే మొదలుపెడదాం.

ఫ్యాను చేసే పని ఏంది? లోపలి వేడి గాలిని బయటికి తోసి, గదిలోని గాలిని లోపలికి తెస్తుంది. అంతే. అది ఏసీ కాదు. గదిలో 41 డిగ్రీలు ఉంటే, ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా డబ్బా లోపల 41 కంటే తగ్గించలేదు. ఇది అందరికీ తెలిసిన విషయంలాగే ఉంటుంది. కానీ "40 డిగ్రీలు దాటితే వేగం పెంచు" అని ఒక అంకె పెట్టామనుకోండి, కర్నూలులో మే నెల మధ్యాహ్నం గదే 41 ఉంటుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నా ఫ్యాను ఫుల్లుగా తిరుగుతూ ఉంటుంది. దానివల్ల చల్లదనం ఏమీ రాదు. రొద వస్తుంది, దుమ్ము వస్తుంది. బేతంచెర్లలో నాకు తెలిసిన ఒకాయన ఇంటి పక్కనే బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. ఆయన కంప్యూటర్ విప్పితే ఫ్యాను రెక్కలకు తెల్లటి పొడి మందంగా పట్టి ఉంది. ఊరికే ఫుల్లుగా తిరిగితే లోపలికి పోయే దుమ్ము కూడా ఫుల్లుగానే పోతుంది.

అందుకని మనం చూడాల్సింది లోపలి వేడి ఒక్కటే కాదు, గదికీ డబ్బాకీ మధ్య తేడా. ఒక చిన్న లెక్క చెప్తాను. కంప్యూటర్ 100 వాట్ల వేడి పుట్టిస్తోంది అనుకుందాం. ఫ్యాను నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి తోస్తే, ఆ గాలి బయటికి వచ్చేసరికి సుమారు ఐదున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, తేడా రెట్టింపై 11 డిగ్రీలవుతుంది. జనవరిలో గది 24 ఉన్నప్పుడు 11 కలిపితే 35. బాధ లేదు. మేలో 42కి 11 కలిపితే 53. అప్పుడు హార్డ్ డిస్క్ గురించి ఆలోచించాల్సిందే. మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులకు 60 డిగ్రీలు పై హద్దు అని తయారీదారులు రాస్తారు. ప్రాసెసర్‌కు ఒళ్ళు కాలితే తానే నెమ్మదిస్తుంది, ఇంకా కాలితే ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ అట్లా తనను తాను కాపాడుకోదు, పని చేసుకుంటానే పోతుంది.

మరి వేగం తగ్గించి లాభమేంది అంటారా? రొద. ఫ్యాను వేగం సగం చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే నిద్ర పట్టనివ్వని చప్పుడు కాస్తా చెవి పెట్టి వింటే గానీ తెలియని చప్పుడవుతుంది. అందుకే ఈ తంటా అంతా.

ఇప్పుడు ఫ్యాను సంగతి. మనకు కావాల్సింది నాలుగు పిన్నుల ఫ్యాను. దీని కొలతలు, నియమాలు ఇంటెల్ కంపెనీ రాసింది. 2005 సెప్టెంబరులో వచ్చిన ప్రతినే ఇప్పటికీ చాలామంది ఆధారంగా తీసుకుంటారు. మొదటి పిన్ను గ్రౌండ్. రెండోది 12 వోల్టులు. మూడోది ఫ్యాను మనకు చెప్పే మాట, దాన్ని టాకో అంటారు. ఒక చుట్టు తిరిగితే రెండు పల్సులు ఇస్తుంది. నాలుగోది మనం ఫ్యానుకు చెప్పే మాట, అంటే పి.డబ్ల్యు.ఎం. సంకేతం. ఆ నియమాల ప్రకారం వైర్ల రంగులు వరుసగా నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. కానీ చాలా కంపెనీలు నాలుగూ నల్లవే ఇస్తున్నాయి. కాబట్టి రంగును నమ్మకుండా పిన్ను వరుస చూసుకోండి.

పి.డబ్ల్యు.ఎం. అంటే స్విచ్చును అతి వేగంగా వేసి ఆర్పడం. మొత్తం కాలంలో ఎంత శాతం వేసి ఉంచామో అదే వేగానికి ఆజ్ఞ. ఇంటెల్ చెప్పిన ప్రకారం సెకనుకు 25 వేల సార్లు, అంటే 25 కిలోహెర్ట్జ్. 21 నుంచి 28 దాకా పరవాలేదు. ఎందుకంత ఎక్కువ అంటే, మన చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకానే వింటుంది. ఆర్డుయినోలో మామూలుగా అనలాగ్‌రైట్ అని రాస్తే తొమ్మిదో పిన్ను మీద వచ్చేది 490 హెర్ట్జ్. అది చెవికి వినపడుతుంది. నేను మొదట అదే రాశాను. ఫ్యాను నెమ్మదించింది గానీ దోమ చెవి దగ్గర తిరిగినట్టు ఒక కూత మొదలైంది. రొద తగ్గించడానికి పోయి కొత్త రొద తెచ్చుకున్నట్టయింది.

దానికి మందు ఇది. నానో బోర్డు మీద ఉండే చిప్పు ఏటీమెగా328పి, 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. దాంట్లో టైమర్1 అని ఒకటుంది. దాన్ని ఫేజ్ కరెక్ట్ పద్ధతిలో పెట్టి, ఐసీఆర్1 అనే రిజిస్టర్‌లో 320 రాయాలి. టైమర్ సున్నా నుంచి 320 దాకా ఎక్కి మళ్ళీ సున్నాకి దిగుతుంది, అంటే 640 అడుగులు. కోటీ అరవై లక్షలను 640తో భాగిస్తే సరిగ్గా 25 వేలు. ఆ టైమర్ సంకేతం తొమ్మిదో పిన్ను మీద వస్తుంది.

ఆ పిన్నును నేరుగా ఫ్యానుకు కలపొద్దు, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెట్టండి. బీసీ547 చాలు, ఏ రేడియో రిపేరు షాపులోనైనా దొరుకుతుంది. తొమ్మిదో పిన్ను నుంచి ఒక కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా బేస్‌కు, ఎమిట్టర్ గ్రౌండుకు, కలెక్టర్ ఫ్యాను నాలుగో పిన్నుకు. బేస్ నుంచి గ్రౌండుకు ఇంకో 10 కిలోఓమ్ రెసిస్టర్ వెయ్యండి. ఈ 10 కిలోఓమ్ రెసిస్టర్ ఎందుకు అనేది తర్వాత చెప్తాను, మర్చిపోకండి.

ట్రాన్సిస్టర్ పెట్టినందువల్ల సంకేతం తలకిందులవుతుంది. ట్రాన్సిస్టర్ ఆన్ అయితే ఫ్యాను వైరు గ్రౌండుకు పోతుంది, అంటే "నెమ్మది" అని చెప్పినట్టు. కాబట్టి ప్రోగ్రాములో మనకు కావాల్సిన విలువను 320 లోంచి తీసేసి ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో రాయాలి. 30 శాతం వేగం కావాలంటే 320లో 30 శాతం 96, దాన్ని 320 నుంచి తీసేస్తే 224. ఆ 224 రాయాలి. ఫుల్ స్పీడ్ కావాలంటే సున్నా రాయాలి.

వేడి కొలవడానికి డీఎస్18బీ20 సెన్సర్లు రెండు. వీటి మంచి గుణం ఏమంటే, ఒకే డేటా వైరు మీద రెండూ పని చేస్తాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలోనే ఒక్కోదానికి వేరే నంబరు ఇచ్చి ఉంటారు. డేటా వైరుకూ 5 వోల్టులకూ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్ ఒకటి వెయ్యాలి. కొలతలో తప్పు అర డిగ్రీకి అటూ ఇటూ, మన పనికి అది చాలా ఎక్కువే. ఒక సెన్సర్ లోపల హార్డ్ డిస్క్ దగ్గర పెట్టండి. రెండోది బయట, ముందువైపు గాలి లోపలికి పోయే చోట.

బయటి సెన్సర్ పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. నాపబండ మీద ఆనించొద్దు. బండ గాలికంటే చల్లగా ఉంటుంది కదా, గది చల్లగా ఉందని తప్పు చెప్తుంది. దాంతో తేడా ఎక్కువ కనిపించి ఫ్యాను కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు ఇంకొకటుంది. డబ్బా వెనక, వేడిగాలి వచ్చే చోట పెట్టొద్దు. అక్కడ పెడితే బయటా వేడే, లోపలా వేడే, తేడా లేదనుకుని ఫ్యాను నిద్రపోతుంది.

కరెంటు విషయం. సప్లై నుంచి వచ్చే నాలుగు పిన్నుల పెద్ద కనెక్టర్‌లో పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, రెండు నలుపులు గ్రౌండ్. ఫ్యానుకు పసుపు, నానో బోర్డు 5 వోల్టుల పిన్నుకు ఎరుపు. గ్రౌండు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. ఎరుపు వైరు కలిపి ఉన్నప్పుడు యూఎస్‌బీ కేబులు పెట్టొద్దు, రెండు వైపుల నుంచీ కరెంటు వచ్చి ఏదో ఒకటి పోవచ్చు. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు ఎరుపు వైరు తీసేయండి. ప్రాసెసర్ మీది ఫ్యాను జోలికి మాత్రం పోవద్దు, దాన్ని మదర్‌బోర్డుకే వదిలేయండి. మనం నడిపేది డబ్బా ఫ్యానులనే.

ఇక నియమాలు. నేను పెట్టుకున్నవి మూడు. లోపల 35 డిగ్రీల లోపు ఉంటే 30 శాతం వేగం. 35 నుంచి 50 మధ్య ఉంటే తేడాను బట్టి: 4 డిగ్రీల తేడాకు 30 శాతం, 12 డిగ్రీల తేడాకు ఫుల్లు, మధ్యలో డిగ్రీకి సుమారు 9 శాతం చొప్పున పెరుగుతుంది. లోపల 50 తాకితే ఇక తేడా గీడా లేదు, ఫుల్లు. వేగం పెంచేటప్పుడు వెంటనే పెంచాలి, తగ్గించేటప్పుడు సెకనుకు ఒకటి రెండు శాతం చొప్పున మెల్లగా తగ్గించాలి. లేకపోతే ఫ్యాను ఎక్కుతూ దిగుతూ ఉయ్యాల ఊగుతుంది, ఒకే మాదిరి రొదకంటే అది ఇంకా చికాకు. మే నెల మధ్యాహ్నం గది 41, లోపల 46 ఉంటే తేడా 5, వేగం 39 శాతం. అంతకుముందు అదే సమయంలో ఫుల్లు తిరిగేది.

మొదటి రాత్రి అమ్మ పడుకునే ముందు "డబ్బా ఆపేసినావా?" అని అడిగింది. ఆపలేదమ్మా, నడుస్తాంది అన్నాను. ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

సరే, తప్పు దగ్గరికి వద్దాం. వారం గడిచింది. ఒక పెళ్ళి వీడియో, ఐదు గంటల నిడివి, రాత్రి రెండరింగ్ పెట్టి పడుకున్నాను. గది 36 దాకా ఉండొచ్చు. పొద్దున లేచి డబ్బా మీద చెయ్యి పెడితే రొట్టెల పెనం లాగా ఉంది. ఫ్యాను మాత్రం ఎంత చల్లగా, ఎంత నెమ్మదిగా తిరుగుతోందో! హార్డ్ డిస్క్ వేడి చూపించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే 61. గుండె జారింది. ఆ పెళ్ళి ఫుటేజీ ఆ ఒక్క డిస్కులోనే ఉంది. కెమెరా కార్డులు తర్వాతి పెళ్ళికి వాడేసుకున్నాం. రెండో కాపీ తీసుకోకపోవడం పూర్తిగా నా తప్పే, దానికి ఫ్యానును అనకూడదు.

రెండరింగ్ ఆపి, డబ్బా తలుపు తీసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ఇంకో డిస్కులోకి కాపీ మొదలుపెట్టాను. అన్నీ వచ్చాయి, తలంబ్రాల క్లిప్పు ఒక్కటి రాలేదు. రెండోసారి కూడా రాలేదు. చల్లారనిచ్చి మధ్యాహ్నం మూడోసారి ప్రయత్నిస్తే వచ్చింది. వేడి వల్లే అట్లా అయ్యిందని నేను ఖాయంగా చెప్పలేను, ఆ డిస్కు పాతది కూడా. కానీ ఆ మూడు గంటలు నేను ఆ పిల్ల తండ్రికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కారు పాడైతే బాగుచేస్తాం, తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా.

తర్వాత నానోను ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే, లోపలి వేడి దగ్గర ఒక అంకె కనపడింది: మైనస్ 127. లోపలి సెన్సర్ వైరు సోల్డరింగ్ దగ్గర ఊడిపోయింది. సెన్సర్ దొరకనప్పుడు ఆర్డుయినో లైబ్రరీ ఇచ్చే విలువ అది. "నాకు తెలీదు" అని చెప్పడానికి దాని భాషలో మైనస్ 127. నా ప్రోగ్రాము దాన్ని నిజమైన వేడి అనుకుంది. "35 కంటే తక్కువే కదా, 30 శాతం చాలు" అనుకుంది. ప్రోగ్రాములో లెక్క తప్పు లేదు. తెలియదు అనే జవాబును చల్లగా ఉంది అనే జవాబుగా చదివింది, అంతే.

మా నాయన గుర్తొచ్చినాడు. ఆయన బోరు మోటరు స్టార్టర్లు బాగుచేసేవాడు. మా సీమలో బోరు మోటరంటే ఇంటి పెద్దకొడుకు లెక్క. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటరు కాలిపోతుంది, అందుకే ఒక ఫేజు పోతే మొత్తం ఆపేసే పరికరం పెడతారు. బోరు మోటరుకు అనుమానం వస్తే ఆగిపోవడం క్షేమం. కంప్యూటర్ ఫ్యానుకు దీనికి తలకిందులు, అనుమానం వస్తే ఫుల్లు తిరగడం క్షేమం. ఏ పరికరం చేసినా ముందు అడగాల్సింది అదే: ఇది చెడిపోతే ఏ వైపుకు చెడిపోవాలి?

ఇట్లా ఆలోచిస్తే, ఫ్యాను తయారుచేసినవాళ్ళు ముందే ఆలోచించి పెట్టారని అర్థమైంది. నాలుగో పిన్నుకు ఏ సంకేతమూ రాకపోతే ఫ్యాను ఫుల్ స్పీడుతో తిరగాలి అని ఇంటెల్ నియమాల్లోనే ఉంది. మనం పెట్టిన ట్రాన్సిస్టర్, ఆ 10 కిలోఓమ్ రెసిస్టర్ కూడా అందుకే. నానో చచ్చిపోయినా, రీసెట్ అవుతున్నా తొమ్మిదో పిన్ను గాల్లో వేలాడినట్టు ఉంటుంది. అప్పుడు 10 కిలోఓమ్ బేస్‌ను గ్రౌండుకు లాగి పట్టుకుంటుంది, ట్రాన్సిస్టర్ ఆఫ్ అవుతుంది, ఫ్యాను ఫుల్లు తిరుగుతుంది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఒక సెకను ఫ్యాను గట్టిగా తిరిగి తర్వాత తగ్గుతుంది చూడండి, అది ఇదే. అంటే ఫ్యానులో, సర్క్యూట్‌లో క్షేమం ఉంది. లేనిది నేను రాసిన ప్రోగ్రాములోనే.

దాన్ని ఇట్లా సరిచేశాను. ఒకటి, సెన్సర్ విలువ 5 కంటే తక్కువ వచ్చినా, 80 కంటే ఎక్కువ వచ్చినా నమ్మొద్దు, ఫుల్లు. మన ఊర్లో ఇంట్లో 5 డిగ్రీలు ఎప్పుడూ రావు కదా. పై హద్దు ఎందుకంటే, ఈ సెన్సర్ కరెంటు రాగానే కొలత తీసుకోకముందే అడిగితే 85 అని చెప్తుంది, అది కూడా అబద్ధమే. సెన్సర్‌కు కొలవడానికి ముప్పావు సెకను దాకా పడుతుంది, ఆ టైము ఇవ్వాలి. రెండు, గది లోపలికంటే 3 డిగ్రీలు ఎక్కువ ఉందని వస్తే సెన్సర్లు తారుమారయ్యాయని అర్థం, ఫుల్లు.

మూడు, వాచ్‌డాగ్. నానో ప్రోగ్రాము ఎక్కడైనా ఇరుక్కుపోతే ఏమవుతుంది? ఫ్యాను ఆగదు, ఫుల్లు కూడా కాదు. టైమర్1 ప్రోగ్రాముతో సంబంధం లేకుండా తన పని తాను చేసుకుపోతుంది కాబట్టి, చివరగా ఏ వేగం చెప్పామో అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే చిప్పులోనే ఉండే వాచ్‌డాగ్‌ను 2 సెకన్లకు పెట్టాలి. ప్రోగ్రాము రెండు సెకన్లలోపు "నేను బతికే ఉన్నా" అని చెప్పకపోతే అది రీసెట్ చేసేస్తుంది. ఇక్కడొక హెచ్చరిక: పాత బూట్‌లోడర్ ఉన్న నానో బోర్డుల్లో వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత బోర్డు మళ్ళీ మళ్ళీ రీసెట్ అవుతూ ఉండిపోతుంది. కొత్త బూట్‌లోడర్ ఎక్కించుకుంటే ఆ బాధ ఉండదు. ఒకవేళ అట్లా ఇరుక్కున్నా, ఇందాక చెప్పినట్టు పిన్ను గాల్లో ఉంటుంది కాబట్టి ఫ్యాను మాత్రం ఫుల్లు తిరుగుతూనే ఉంటుంది.

నాలుగు, ఫ్యాను మాట వినడం. మూడో పిన్నును నానో రెండో పిన్నుకు కలిపి, 10 కిలోఓమ్‌తో 5 వోల్టులకు లాగి, సెకనులో వచ్చే పల్సులు లెక్కపెట్టాలి. దాన్ని 30తో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 40 పల్సులు వస్తే 1200 చుట్లు. రెండు పల్సుల మధ్య 5 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఉంటే అది ఫ్యాను మాట కాదు, వైర్ల గోల, వదిలేయండి. మనం తిరగమన్నా ఐదు సెకన్ల పాటు 300 చుట్లు కూడా రాకపోతే బజర్ మోగాలి. ఫుల్లు తిరగమని చెప్పినా తిరగలేని పరిస్థితి అది ఒక్కటే కదా, అప్పుడు మనిషిని పిలవాల్సిందే.

ఇదంతా చేశాక నాకు నమ్మకం కుదిరింది గానీ, నిజమైన పరీక్ష కడపలో జరిగింది. మా అక్కావాళ్ళు కడపలో ఉంటారు. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. వాడి కంప్యూటర్‌కు కూడా ఇదే చేద్దామని సామాన్లు తీసుకుపోయాను. కర్నూలులో దొరకనివి కొన్ని హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నాను. ఫ్యాను కాకుండా మిగతా అన్నీ కలిపి నాకు వెయ్యి రూపాయల లోపే అయ్యింది. ఇద్దరం కూర్చుని కట్టాం. అంతా అయ్యాక వాడు అడిగాడు, "మామా, ఈ వైరు పీకితే ఏమైతాది?" అని. పీకు చూద్దాం అన్నాను. లోపలి సెన్సర్ వైరు పీకాడు, ఫ్యాను జుయ్యిమని లేచింది. "ఇది పీకితే?" బయటి సెన్సర్, ఫుల్లు. నాలుగో పిన్ను వైరు, ఫుల్లు. నానోకు పోయే ఎరుపు వైరు, ఫుల్లు.

సెన్సర్ల 4.7 కిలోఓమ్ రెసిస్టర్ పీకాడు. ఈసారి ఫ్యాను లేవలేదు. చూస్తే, సెన్సర్ చదవలేకపోయినప్పుడు పాత విలువనే వాడుకునేలాగా నేనెప్పుడో ఒక లైను రాసి మర్చిపోయాను. చదవడం అప్పుడప్పుడు తప్పినా ఫ్యాను ఉలిక్కిపడకూడదని రాసిన లైను అది. ఒకటి రెండుసార్లు తప్పితే పరవాలేదు, కానీ గంట పాటు తప్పినా అదే పాత అంకె పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని మార్చాం: వరుసగా మూడుసార్లు తప్పితే ఫుల్లు. వాడు పీకకపోయి ఉంటే ఆ లైను నాకు కర్నూలులో ఏదో ఒక రాత్రి కనపడేది.

అప్పటి నుంచి నేను ఏది కట్టినా చివర ఈ పీకుడు పరీక్ష చేస్తాను. మీరు కూడా చెయ్యండి. కాగితం మీద అన్ని వైర్లూ రాసుకోండి. సంకేతాల వైర్లు, సెన్సర్ల వైర్లు, నానో 5 వోల్టుల వైరు ఒక్కొక్కటే పీకి, ఫ్యాను ఏం చేసిందో పక్కన రాయండి. ప్రతి దాని పక్కనా "ఫుల్లు" అని ఉండాలి. ఫ్యాను 12 వోల్టుల వైరు పక్కన మాత్రం "బజర్" అని ఉండాలి. టాకో వైరు పీకినా బజరే మోగాలి. ఏది పీకినా, పీకిన చివర దేనికీ తగలకుండా చూసుకోండి. సప్లై డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు, దాంట్లో ప్లగ్గు తీసినా కరెంటు నిలిచి ఉంటుంది.

చివరగా ఒక్క మాట. ఈ ఎండాకాలం ఒక రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ నన్ను తట్టి లేపింది. "ఒరే, నీ డబ్బా అరుస్తాంది, లేసి సూడు" అంది. ఫ్యాను ఫుల్లు తిరుగుతోంది. బయటి సెన్సర్ వైరును ఎలుక కొరికేసింది. అతికించి పడుకున్నాను. పొద్దున లేచేసరికి రెండరింగ్ అయిపోయింది, డిస్కు 47 డిగ్రీల్లో ఉంది. ఈసారి ఆ ఫుటేజీకి రెండో కాపీ కూడా ఉంది లెండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే నానోతో ఇంటిపైన నీళ్ళ ట్యాంకు మోటరును నడిపిద్దాం. దానికి అనుమానం వస్తే ఏ వైపుకు చెడిపోవాలో అప్పటిదాకా ఆలోచించి పెట్టుకోండి. ఫ్యాను లాగా అది ఒక్క మాటలో తేలదు.